పంది అనడానికి వీల్లేని పంది

ఇరవై ఏళ్ళుగా నేను దేవుళ్ళ గోపురాలను చెత్తకుండీలో పడేస్తున్నాను. నాస్తికత్వం వల్ల కాదు. హాలు సాయంత్రం ఆరింటికల్లా ఖాళీ చేయాలి కాబట్టి.

నార్త్ కరొలైనాలో మా చిన్న ఊరి తెలుగు సంఘం ఏ పండగ చేసినా స్టేజి వెనక తెర నాదే. థర్మోకోల్ గోపురం, అట్టల ధ్వజస్తంభం, బంగారు స్ప్రే కొట్టిన మకరతోరణం. కాలేజీలో చిత్రలేఖనం చదివిన పాపం ఊరికే పోతుందా? శనివారం ఉదయం హైస్కూలు ఆడిటోరియంలో నిలబెడతాం. సాయంత్రానికి అది మా వ్యాన్‌లో పట్టదు, ఎవరి ఇంట్లోనూ దానికి చోటుండదు. రెండుగా విరిచి వెనకాల డంప్‌స్టర్‌లో వేస్తాం. విరిచే ముందు ఎవరో ఒకావిడ వచ్చి దణ్ణం పెట్టుకుంటుంది. విరిచేది మాత్రం నేనే.

అందుకని టౌన్ ఆఫీసు నుంచి ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను రెండోసారి ఆలోచించలేదు. డౌన్‌టౌన్‌ని బాగుచేస్తున్నారట. పేవ్‌మెంట్ మీద ఫైబర్‌గ్లాస్ బొమ్మలు నిలబెడతారట. ఒక్కొక్క సంఘానికీ ఒక బొమ్మ ఇస్తారు, వాళ్ళు తమకు నచ్చినట్టు రంగులు వేసి ఇవ్వాలి. బొమ్మ ఏమిటంటే, ‘మన ఊరందరికీ గర్వకారణమైన జంతువు’. సంఘం పేరు రాసి, నా సంతకం పెట్టి, ఫామ్ పంపించాను. నాకు కావలసింది ఒక్కటే. నా చేత్తో చేసిన వస్తువు ఒక్కటైనా సోమవారం నాడు కూడా ఉండాలి.

ఆ జంతువు జింక అనుకున్నాను. మా కాలనీ బోర్డు మీద జింక ఉంటుంది, మా పెరట్లో టమాటా మొక్కలు తినేదీ జింకే. ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నదాన్ని ఊరి జంతువేదో తెలియకపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. డౌన్‌టౌన్‌లో పొగగొట్టాలున్న హోటళ్ళు వరసగా ఉంటాయి. మేము అటు వెళ్ళం. వెళ్ళవలసి వస్తే కారు అద్దాలు ఎత్తేసి, ఆ వాసన దాటాక దించి, బైపాస్ మీదున్న దోసెల హోటల్‌కి పోతాం. తెలుగువాళ్ళం మొత్తం అలాగే బతికాం. ఆ ఊరు మాకు స్కూళ్ళిచ్చింది, ఇళ్ళిచ్చింది, లైబ్రరీలో మా పిల్లల చేత పుస్తకాలు చదివించింది. అది దేన్ని చూసి గర్వపడుతుందో మేమెవరం ఒక్కసారి అడగలేదు.

ట్రక్కు వచ్చి మా గరాజ్‌లో దించి వెళ్ళాక తెలిసింది. తెల్లటి పంది. నా నడుమంత ఎత్తు, సోఫా అంత పొడవు, నవ్వు మొహం. ఆ పొగగొట్టాల కింద కాల్చేదీ, ఆ ఊరు గర్వపడేదీ దాన్నే.

మా ఆయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. అప్పటికది ప్రదక్షిణమని మాకు తెలియదు.

“ఫామ్ చదివే సంతకం పెట్టావా?”

“చదివాను. గర్వకారణం అని ఉంది.”

“ఎవరికి అని చూశావా?”

ఆదివారం పొద్దున కమిటీ మా గరాజ్‌లో కూర్చుంది. ప్రెసిడెంట్ గారిది కరీంనగర్, ఏదో కంపెనీలో పెద్ద మేనేజర్. చేతిలో కాఫీ కప్పుతో, పంది వీపు మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డారు.

“గిదేంది మేడమ్?”

“పందండీ.”

“పంది అని కనవడుతనే ఉన్నది. మన సంఘానికి పందేంది అంటున్న.”

“అందరికీ పందే ఇచ్చారు. మనమీద ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు.”

“వాపస్ ఇయ్యుండ్రి. జింక ఉన్నదేమో అడుగుండ్రి.”

“చీరల షాపా అండీ, ఇంకో డిజైన్ తియ్యమనడానికి?”

సరే, ఇచ్చిందేదో ఇచ్చారు, దానిమీద మనదేదో ఒకటి వేసి గౌరవంగా పంపిద్దామన్నాను. ఏం వేద్దాం? చార్మినార్ అన్నారొకరు. “పంది మీదనా? రేపు మన హైదరాబాద్ దోస్తులకు మొహమెట్ల చూపిస్త?” అన్నారు ప్రెసిడెంట్ గారు. అది న్యాయమే. రెండు రాష్ట్రాల మ్యాపు వేద్దామన్నాడు మా ఆయన. “వెనక భాగం ఎవరికి?” అని ఎవరో అడిగారు. మ్యాపు అక్కడితో ముగిసింది. తెలుగు అక్షరాలు వేద్దామంటే సరస్వతి. వరికంకులంటే లక్ష్మి. నాట్యగత్తె పాదాలంటే, ఆ గజ్జెలకు పూజ చేస్తారు. విసిగిపోయి, పోనీ అందరికీ అన్నం పెట్టే లాప్‌టాప్ వేద్దామన్నాను. దసరాకి బొట్టు పెట్టేది దానికే కదా అన్నారు. చివరికి బిర్యానీ అనుకున్నాం. దాదాపు ఖాయమయ్యేలోపు, పంది మీద బిర్యానీ వేస్తే జనం ఏమనుకుంటారో ఒకాయన విడమరిచి చెప్పాడు.

మా ఊళ్ళలో నాలుగు రోడ్లు కలిస్తే చాలు, మధ్యలో ఒక విగ్రహం లేస్తుంది. చెయ్యెత్తి ఎటో చూపిస్తుంటాడు ఆ నాయకుడు. ఎటు చూపిస్తున్నాడని ఎవరూ అడగరు. దండ వేసి పోతారు, మిగతాది కాకులు చూసుకుంటాయి. అలాంటి చోట నుంచి వచ్చినవాళ్ళకు, దేన్ని పూజించకుండా ఉండగలరో చెప్పమంటే ఒక ఆదివారం పూట చాలలేదు. మా దగ్గరున్న ప్రతి వస్తువుకూ ఎప్పుడో ఒకప్పుడు పసుపు కుంకుమ తగిలింది. పంది మీద వేయడానికి పనికొచ్చేది మొత్తం తెలుగు సంస్కృతిలో ఒక్కటీ దొరకలేదు.

మూల మడతకుర్చీలో అక్కయ్యగారు కూర్చుని ఉన్నారు. తన ఇంట్లో మావాళ్ళ చంటిపిల్లల్ని చూసుకుంటారు, శనివారాలు జూమ్‌లో విష్ణు సహస్రనామం చెప్పిస్తారు, ఊరందరికీ అక్కయ్యగారే.

“ఎందుకర్రా అలా అరుస్తారు,” అన్నారు, “వరాహస్వామిని మధ్యన పెట్టుకుని?”

ప్రెసిడెంట్ గారు మోచెయ్యి తీసేశారు. కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు రెండు చేతులతో పట్టుకున్నారు, తీర్థంలాగా. మా ఆయన చెప్పులు విప్పాడు, సొంత గరాజ్‌లో, ఇంజనాయిలు మరకల మీద. అరగంట క్రితం వాపసు ఇచ్చేద్దామన్న పందిని, ఎండ పడుతోందని నలుగురూ కలిసి లోపలికి జరిపారు.

వారం రోజుల్లో డిజైన్ తయారైంది. కోరలు, కోరల మధ్య భూగోళం, కిరీటం, శంఖ చక్రాలు. వేసింది నేనే. నా నోటి సంగతేమైనా చెయ్యి మంచిది, బాగా వచ్చింది. టౌన్ ఆఫీసుకు పంపాను. ఈ బొమ్మల వ్యవహారం చూసే ఆవిడ చాలా మర్యాదస్తురాలు. ‘అద్భుతంగా ఉంది, ఒకే ఒక ప్రశ్న,’ అని రాసింది. ‘ఈయన దేవుడా?’

ఫామ్‌లో రెండో పేజీ కూడా ఉందని అప్పుడు చూశాను. మతం ఉండకూడదు, పార్టీ ఉండకూడదు, వ్యాపారం ఉండకూడదు.

ప్రెసిడెంట్ గారికి చెప్పాను. “దేవుడు కాకపోతే పందే కద మేడమ్. పంది అయితే మనకొద్దు,” అన్నారు. టౌన్ ఆవిడకు ఫోన్ చేశాను. పంది అయితే మహా సంతోషం, దేవుడైతే వీలుపడదంది. పాపం, ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు. శుక్రవారం లోపల కొత్త డిజైన్ ఇవ్వకపోతే, వరసలో కాచుకున్న ఒక పళ్ళ డాక్టరుకు పందిని ఇచ్చేస్తామంది. నా గోపురాలు రెండుగా విరగడానికైనా ఒక పండగ జరిగేది. ఇది ఆ మాత్రానికి కూడా నోచుకోకుండా గరాజ్ నుంచి పోయేట్టుంది.

గురువారం సాయంత్రం పందికెదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. హైస్కూల్ చదువుతున్న మా అమ్మాయి వచ్చింది.

“అమ్మా, జస్ట్ పిక్ వన్. పిగ్ ఆర్ గాడ్. ఎందుకు ఇంత హార్డ్?”

“మీ తాతనడుగు.”

“తాత చనిపోయాడు కదా, అమ్మా.”

“అందుకే హార్డ్.”

నోటికొచ్చిందేదో అన్నాను గానీ, నాన్న నిజంగానే గుర్తొచ్చాడు. మాది విశాఖపట్నం. నాకు పదేళ్ళప్పుడు సింహాచలం తీసుకెళ్ళాడు. క్యూలో రెండు గంటలు నిలబడి లోపలికి వెళితే ఎదురుగా లేత పసుప్పచ్చటి ముద్ద ఒకటి ఉంది, అంతే. అక్కడ స్వామిని ఏడాది పొడుగునా చందనంతో కప్పేసి ఉంచుతారు. ఒక్క రోజు మాత్రం అది తీసి, లోపలున్న వరాహ నరసింహుణ్ణి చూపిస్తారు, నిజరూప దర్శనమని. మెట్లు దిగుతూ గొడవ పెట్టుకున్నాను.

“దేవుడేడీ? ముద్దే కనిపించింది.”

“ముద్ద లోపల ఉన్నార్రా అమ్మా.”

“ఉన్నట్టు నీకెలా తెలుసు?”

“ఏడాదికోరోజు తీస్తారుగా.”

“నువ్వు చూశావా?”

“ఆ రోజు రష్ ఎక్కువ. ఎప్పుడూ వెళ్ళలేదు,” అన్నాడు నాన్న.

అప్పుడు ఊరంతా వినపడేట్టు నవ్వాను. నాన్న పోయేవరకూ ఆ రోజు రష్ తగ్గనే లేదు.

శుక్రవారం ఉదయం టౌన్ ఆవిడకు ఉత్తరం రాశాను. ‘మా వైపు ఎండలు విపరీతం. చలవ కోసం చందనం అరగదీసి ఒంటికి పూసుకుంటాం. ఈ పందికి కూడా మావాళ్ళు చందనం రంగు పూయదలుచుకున్నారు. బొమ్మలుండవు, గుర్తులుండవు, అక్షరాలుండవు.’ ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి. అన్నీ నిజాలే పేర్చి అంత పెద్ద అబద్ధం కట్టవచ్చని ఇంత వయసొచ్చాక నాకు తెలిసింది. గంటలో జవాబు వచ్చింది: ‘ఎంత మినిమల్! లవ్ ఇట్!’

కమిటీకి మాత్రం ఉత్తరం పంపలేదు. సింహాచలం అన్న ఒక్క మాట పంపాను. “మా దిక్కు గుట్ట మీద గూడ నరసింహస్వామే కద. ఓకే మేడమ్,” అని ప్రెసిడెంట్ గారు రాశారు, రెండు దణ్ణాల బొమ్మలు పెట్టి.

నెల రోజులు పూశాను. రంగులో సన్నటి ఇసుక కలిపి, పొర మీద పొర, వేళ్ళతో. అక్కయ్యగారు రోజూ తలస్నానం చేసి వచ్చి తప్పులు పట్టేవారు.

“అది చందనం కాదే, ముద్దపప్పు.”

“ఎండితే మారుతుందండీ.”

“ఎండితే ఎండిన ముద్దపప్పు.”

మూడుసార్లు రంగు మార్పించారు. ఒకరోజు వెండిగిన్నెలో నిజం చందనం అరగదీసి తెచ్చారు. “అడుగు పొరలో కలుపు. ఎవరికీ చెప్పకు.” ఎందుకు, దీనివల్ల ఏం ఒరుగుతుందని వాదించడానికి నోరు తెరిచాను. ఆవిడ మణికట్టు వాచి ఉంది, అంత అరగదీశారు. నోరు మూసుకుని కలిపాను. నవ్వుతున్న మూతి మీద పొరలు పడేకొద్దీ నవ్వు పోయింది. చివరికి చెవులేవో మూపేదో తెలియని ఒక పచ్చటి దిబ్బ మిగిలింది.

మిగతా పందుల్ని ఆవిష్కరణ రోజున చూశాను. అగ్నిమాపకదళం పందికి ఎర్ర టోపీ, చర్చి గాయకుల పందికి రాగాల పుస్తకం, బ్యాంకు పంది వీపు మీద పిగ్గీబ్యాంకు లాగా చీలిక, వేరే పందిని సంపాదించిన పళ్ళ డాక్టరు గారి పందికి ముప్పై రెండు పళ్ళు. ఆ ఊరివాళ్ళు తాము తినేదాన్ని చూసి హాయిగా నవ్వుకుంటారు. మేము తినని దాన్ని చూసి భయపడతాం, తర్వాత దణ్ణం పెడతాం. ఎవరి భక్తి వాళ్ళది.

మా పందికి ఇచ్చిన చోటు ఊళ్ళో అన్నిటికన్నా పాత బార్బెక్యూ హోటల్ ముందు. తలుపుకి సరిగ్గా నాలుగడుగుల దూరం. లోపల పొద్దున్నుంచీ పంది మాంసం కాలుతూ ఉంటుంది. ఆ పొగంతా స్వామివారి మీదికే వస్తుంది, ధూపంలాగా.

ప్రెసిడెంట్ గారి ఫోన్ మధ్యాహ్నానికల్లా వచ్చింది.

“మేడమ్, అర్జెంటుగ మార్పియ్యుండ్రి.”

“ఏమని అడగమంటారు?”

“దేవుని ముంగట గా మాంసమేంది అని.”

“దేవుడని రాశామంటే తీసేస్తారండీ.”

“అయితే పంది అనే చెప్పుండ్రి.”

“పంది అయితే పందిమాంసం హోటల్ ముందు కాక పటేల్ కూరగాయల కొట్టు ముందు పెడతారా?”

“మీరు గాని లాయర్ అయ్యేది ఉండె,” అని పెట్టేశారు.

ఎవరూ ఎవరికీ ఏమీ రాయలేదు. కానీ శనివారాలు ఆ వీధిలో మా కార్లు కనిపించసాగాయి. అద్దాలు దించిన కార్లు. వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుంటున్నట్టు నటిస్తూ ఒక చేత్తో మూపు తాకి, ఆ చెయ్యి కళ్ళద్దాలు సర్దుకుంటున్నట్టు కళ్ళకద్దుకునేవారు. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళబోయే ఎమ్మెస్ అమ్మాయిలు షూ లేసు కట్టుకునే వంకతో వంగేవారు. షూ లేసు రెండు కాళ్ళకూ, మూడేసిసార్లు. కొత్త కారు కొన్న ఒకాయన దాని ముందు రివర్స్ చేసి, ముందుకు తెచ్చి, మళ్ళీ రివర్స్ చేశాడు. నిమ్మకాయలు పెట్టవద్దని సంఘం వాట్సాప్‌లో నేనే తిట్టి పోశాను.

హోటల్ యజమాని డెబ్భై దాటిన నల్లజాతి పెద్దాయన. ఇదంతా ఆయనకు కనిపించకపోలేదు. నేను అక్కడికి వెళితే బయటికొచ్చి పలకరించేవాడు. “మీవాళ్ళకు ఈ పందంటే ప్రాణం,” అనేవాడు. రోజూ పొద్దున్న హోటల్ తెరవగానే గొట్టంతో దానికి నీళ్ళు కొట్టి, మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. పిల్లలు ఎక్కి కూర్చుంటే దింపేసేవాడు. పొగ తాగేవాళ్ళను అవతలికి పొమ్మనేవాడు. మా అర్చకులు కూడా అంత క్రమం తప్పరని నేను చెప్పలేను. ఆయన దయ వల్ల నా బొమ్మ బోలెడన్ని సోమవారాలు చూసింది.

అయితే రోజూ నీళ్ళు పడితే ఇసుక రంగు ఎంతకాలం ఉంటుంది? ఏడాది తిరిగేసరికి మూతి దగ్గర, వీపు మీద పొరలు లేచిపోయాయి. లోపలి తెల్ల పంది బయటపడింది, నవ్వుతో సహా. టౌన్ ఆవిడ మెయిల్ పెట్టింది: మళ్ళీ రంగు వేస్తారా, తీసేయమంటారా?

అక్కయ్యగారు పంచాంగం చూశారు. “అక్షయ తృతీయ నాడు వేద్దాం,” అన్నారు. సింహాచలంలో చందనం తీసేదీ, మళ్ళీ పూయడం మొదలుపెట్టేదీ ఆ రోజే. నేను కాదనలేదు. టౌన్ ఆవిడకు మాత్రం ‘ఆ రోజు వాన లేదు’ అని రాశాను. అదీ నిజమే.

పది గంటలకు ఆరుగురం ఆడవాళ్ళం బకెట్లు, కుంచెలు పట్టుకుని వెళ్ళాం. పెచ్చులన్నీ గీకి తీసేశాక, తెల్లటి ఫైబర్‌గ్లాస్ పంది పేవ్‌మెంట్ మీద నిలబడింది. ఎవరూ కుంచె ముంచలేదు. అందరం ఊరికే చూశాం. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నాకేం కలగలేదని రాయాలని ఉంది. నాన్న చూడకుండా వదిలేసిన రోజు ఇదేనని అనిపించింది, అంతే.

అప్పుడే టౌన్ ఆవిడ వచ్చింది. మొహం ఇబ్బందిగా ఉంది. ఎవరో ఫిర్యాదు చేశారట, ఇక్కడ జనం చేతులు జోడిస్తున్నారని. “మిమ్మల్ని సూటిగా అడగాలి, క్షమించండి. ఇది మతానికి సంబంధించినదా? అయితే ఇవాళే తీయించవలసి వస్తుంది.”

జీవితంలో నాకు జవాబు దొరకని ప్రశ్న లేదు, మా ఆయన్నడగండి. చందనం, ఎండలు, చలవ, అన్నీ నాలిక మీదే ఉన్నాయి. పక్కన అక్కయ్యగారు వెండిగిన్నె పట్టుకుని నిలబడ్డారు, మణికట్టుకి క్రేప్ బ్యాండేజీతో. ఆ చెయ్యి చూస్తూ, కాదు అనలేకపోయాను. అవును అంటే బొమ్మ పోతుంది.

పెద్దాయన హోటల్లోంచి మాకోసం ఐస్ టీ ట్రే తెస్తున్నాడు. ఆ ప్రశ్న ఆయనా విన్నాడు.

“అమ్మా,” అన్నాడు టౌన్ ఆవిడతో, “యాభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా. నన్నడుగు. అది పంది.”

ఆవిడ ఒక క్షణం ఆయన్నీ, ఒక క్షణం పందినీ చూసింది. అంతకన్నా తెలిసినవాడు ఆ ఊళ్ళో ఇంకెవరున్నారు? నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని, ఒక గ్లాసు టీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆయన యాస అక్కయ్యగారికి అందలేదు. “ఏమన్నాడే?”

“పంది అన్నాడండీ.”

కోప్పడతారేమోనని కాచుకున్నాను. ఆవిడ లోపలికి వెళుతున్న పెద్దాయన వైపు కాసేపు చూశారు.

“మనకైతే ఏడాదికొక్క రోజు,” అన్నారు. “ఆయనకి రోజూ నిజరూపమే. అదృష్టవంతుడు.”

గిన్నెలోని చందనం నా బకెట్‌లో ఒంపి, కుంచె అందించారు. “మూతి దగ్గర్నుంచి మొదలుపెట్టు. ఈసారైనా ముద్దపప్పు చెయ్యకు.”